డాక్టర్ గూడబాతు గారి హెచ్-ఇండెక్స్

ఈసారి సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరిగినప్పుడు వేదిక మీదికి ఒక గూడబాతును పిలిచి శాలువా కప్పాలన్నది నా డిమాండు. పులికాట్ చుట్టుపక్కల ప్రపంచ స్థాయి శాస్త్రవేత్త కావడానికి అర్హతలన్నీ ఉండి కూడా ఇంతవరకూ ఎవరూ పట్టించుకోని ప్రాణి అదొక్కటే. రాజహంసకు కప్పొచ్చు కదా అంటారేమో. అది చలికాలంలో దిగి, నాలుగు ఫొటోలకు నిలబడి, ఎండలు ముదరకముందే ఎగిరిపోయే విజిటింగ్ ప్రొఫెసరు. గూడబాతు అలాంటిది కాదు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుంటూ, సొంత జిల్లాలో సేవ చేస్తున్న లోకల్ క్యాండిడేటు.

మరి పరిశోధన మాటేమిటని అడిగేవాళ్లు కాలం చెల్లినవాళ్లు. పరిశోధన గురించి ఇప్పుడెవరూ అడగడం లేదు. సైటేషన్లు ఎన్ని (అంటే మన పేపరును ఇతర పేపర్లు ఉటంకించింది ఎన్నిసార్లు), హెచ్-ఇండెక్స్ ఎంత, అంతే. ఆ రెండూ గూడబాతుకు సంపాదించి పెట్టడం నల్లేరు మీద బండి నడక.

నవ్వకండి, దీనికి దాఖలా ఉంది. 2024లో అమెరికాలోని రీస్ రిచర్డ్‌సన్ అనే పరిశోధక విద్యార్థి, నిక్ వైజ్ అనే మరో పరిశోధకుడు కలిసి, రిచర్డ్‌సన్ వాళ్ల అవ్వ పెంచుకునే లారీ అనే పిల్లిని విద్వాంసుణ్ని చేశారు. కంప్యూటరు అల్లిన అర్థంలేని గణితశాస్త్ర పేపర్లు పన్నెండు లారీ పేరు మీద పెట్టారు. వాటిని ఉటంకించే దొంగ పేపర్లు మరికొన్ని పెట్టారు. గూగుల్ స్కాలర్ వాటిని భక్తిశ్రద్ధలతో లెక్కగట్టింది. లారీకి 132 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 11. అంతకుముందు ఈ కిరీటం ఎఫ్.డి.సి. విల్లార్డ్ అనే సయామీ పిల్లిది. 1975లో ఒక భౌతికశాస్త్రవేత్త తను ఒక్కడే రాసిన పేపరులో ‘మేము’ అని టైపు కొట్టించుకుని, మళ్లీ కొట్టించే ఓపిక లేక, తన పిల్లిని సహరచయితగా చేర్చాడు. లారీ కంటే ముందే, 2010లో సిరిల్ లబే అనే ఫ్రెంచి పరిశోధకుడు ఐక్ అంట్‌కరే అనే లేని మనిషిని సృష్టించి, హెచ్-ఇండెక్స్ 94 తెప్పించాడు. ఆ లెక్కన ఐక్ గారు ఐన్‌స్టీన్‌ను దాటేశారు. పుట్టని మనిషికి అంత ఘనత దక్కినప్పుడు, గుడ్డు పగలగొట్టుకుని పుట్టిన గూడబాతుకు ఎందుకు దక్కకూడదు?

హెచ్-ఇండెక్స్ అంటే బ్రహ్మపదార్థం కాదు. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత. మీ పేపర్లలో పదకొండింటికి, ఒక్కోదానికి కనీసం పదకొండు సైటేషన్లు వచ్చాయంటే మీ హెచ్-ఇండెక్స్ 11. లెక్క సులువు. సులువు కాబట్టే అందరికీ నచ్చింది. పేపరు చదవక్కర్లేదు, సబ్జెక్టు తెలియక్కర్లేదు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాళ్లు మధ్యాహ్న భోజనంలోపు ముప్పై మందికి ముప్పై అంకెలు వేసేయొచ్చు.

ఇక గూడబాతుకు శాఖ. తెలుగు శాఖలో పెడితే సైటేషన్లు రాలవు. చరిత్రలో పెడితే ఎదురు కేసులు పడతాయి. మాలిక్యులర్ బయాలజీ శ్రేష్ఠం. అందులో పేపరుకు ఇరవై మంది రచయితలున్నా ఎవరూ ఆశ్చర్యపోరు, పదమూడో రచయిత ఏం చేశాడని ఎవరూ అడగరు. పేరు ‘బాతు, జి.’ అని పడుతుంది. చూడ్డానికి ఎంతో అంతర్జాతీయంగా ఉంటుంది.

ఇప్పుడు ఫ్లెక్సీ. ఒకప్పుడు ఫ్లెక్సీలు నాయకుల పుట్టినరోజులకూ ఓణీల ఫంక్షన్లకూ మాత్రమే కట్టేవాళ్లు. ఇప్పుడు కాలేజీ గేటు మీద కూడా కడుతున్నారు. మధ్యలో సూటూ బూటూ వేసిన ఆచార్యుల వారు, పైన యాజమాన్యం ఫొటోలు, వెనక డీఎన్ఏ మెలికల నిచ్చెన. ఆ నిచ్చెనను కాస్త దగ్గరగా వెళ్లి చూడండి. చాలాసార్లు అది ఎడమవైపు మెలి తిరిగి ఉంటుంది. మన కణాల్లో మామూలుగా ఉండే డీఎన్ఏ కుడివైపు తిరుగుతుంది. డీటీపీ కుర్రాడికి ఆ సంగతి తెలియకపోవడం నేరం కాదు. ఫ్లెక్సీలో ఉన్నాయనకు కూడా కనపడకపోవడమే చిత్రం. ఆయన చూపు కింది అక్షరాల మీద ఉంటుంది మరి: ‘ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో ఒకరిగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఎంపిక చేసిన...’

ఎంపిక అనేసరికి ఎక్కడో కాలిఫోర్నియాలో పెద్దలు పదిమంది గుండ్రబల్ల చుట్టూ కూర్చుని, తిరుపతి నుంచి వెళ్లిన పేపర్లు చదివి, శభాష్ అనుకున్నట్టు అనిపిస్తుంది. అలాంటిదేమీ జరగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ అయొనిడిస్ అనే ఆచార్యుడు తోటి పరిశోధకులతో కలిసి, ఎల్సివియర్ ప్రచురణ సంస్థ వారి స్కోపస్ డేటా నుంచి తయారుచేసిన పట్టిక అది. 2019లో లక్ష మంది పేర్లతో మొదలైంది, ఇప్పుడు రెండు లక్షలు దాటింది. అందులో రెండు చిట్టాలుంటాయి. ఒకటి జీవితకాలపు పనికి, రెండోది ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లకు. పేరు ఏ చిట్టాలో ఉందో ఫ్లెక్సీ చెప్పదు. పట్టికలో ప్రతి పేరుకూ ఎదురుగా, సైటేషన్లలో సొంతంగా ఇచ్చుకున్నవి ఎంత శాతమో చూపించే గడి కూడా ఉంది. అయొనిడిస్ బృందం పనిగట్టుకుని పెట్టిన గడి అది. పన్నెండడుగుల ఫ్లెక్సీలో దానికి మాత్రం చోటు చాలదు.

ఆ గడి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో 2019లోనే తేలింది. ఆ డేటాను జల్లెడ పడితే, సైటేషన్లలో సగానికి పైగా తామూ తమ సహరచయితలూ ఇచ్చుకున్నవే అయిన పెద్దమనుషులు కనీసం 250 మంది కనిపించారు. వాళ్లలో ముందు వరసలో ఉన్నాయన మనకు పొరుగూరివాడే, చెన్నై శివారులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఆచార్యుడు. ఆయన లెక్క 94 శాతం. నూటికి తొంభైనాలుగు మార్లు తన డప్పు తానే కొట్టుకోవడమో, పక్కనున్న తనవాళ్లు కొట్టడమో అన్నమాట. మిగిలిన ఆరుసార్లు కొట్టిన అపరిచితులెవరో గానీ వాళ్లకు దండం పెట్టాలి.

సొంత డప్పు మరీ వినిపిస్తుందనుకునేవాళ్లకు చదివింపుల పద్ధతి ఉంది. పెళ్లిలో ఒకాయన మూలన బల్ల వేసుకుని కూర్చుని, ఎవరెంత చదివించారో నోటుబుక్కులో రాస్తాడు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసి అంతకు తగ్గకుండా చదివించాలి. సైటేషన్ల లోకంలోనూ అంతే. మీ పేపరును నేను నాలుగుచోట్ల ఉటంకిస్తాను, మీ శిష్యుడు నన్ను ఆరుచోట్ల ఉటంకించాలి. పేపరును సమీక్షించే పెద్దాయన ‘ఈ కింది ముఖ్యమైన రచనలను రచయితలు విస్మరించారు’ అంటూ పది పేపర్లు చెబుతాడు. పదీ ఆయనవే. పెళ్లి చదివింపుల్లో కనీసం పెళ్లికూతురి మొహం చూసి, భోంచేసి వెళతారు. ఇక్కడ పేపరు మొహం చూడాల్సిన పని కూడా లేదు.

పని ఎలా జరుగుతుందో ఒక వాక్యంలో చూపిస్తాను. మాలిక్యులర్ బయాలజీ పేపర్లలో ‘పద్ధతులు’ అని ఒక భాగం ఉంటుంది. అందులో ‘డీఎన్ఏను మామూలు పద్ధతిలో వేరుచేశాం’ అని ఒక వాక్యం రాసి, పక్కన బ్రాకెట్లో 7–21 అని పెడతారు. కంటికి ఆనదు, చీమంత అంకె. లెక్కపెడితే పదిహేను సైటేషన్లు. డీఎన్ఏ వేరుచేయడం ఎంఎస్సీ మొదటి ఏడాది ప్రాక్టికల్సులో నేర్పే పని. దానికి పదిహేను మంది సాక్షులెందుకు? చివరి పేజీకి వెళ్లి ఏడో నంబరు నుంచి ఇరవయ్యొకటో నంబరు వరకూ చూస్తే రచయితగా ఒకే ఇంటిపేరు వరసగా దర్శనమిస్తుంది. ఒక్క గీతతో పదిహేను. అలాంటి పేపర్లు ఏడాదికి పది వేస్తే నూటయాభై. నేలపట్టు గూడబాతు కూడా ఇంత వేగంగా చేపలు మింగలేదు.

ఇన్ని పేపర్లు ఎవరు చదువుతున్నారయ్యా అంటే, సమాధానం ఎక్సెల్ దగ్గర దొరుకుతుంది. మనిషి జన్యువుల్లో ఒకదానికి సెప్ట్-2 అని పొట్టిపేరు ఉండేది. ఎక్సెల్లో ఆ పేరు కొడితే, అది సెప్టెంబరు 2 అనుకుని తారీఖు చేసేస్తుంది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెతికితే, జన్యువుల జాబితాను ఎక్సెల్లో జతపరిచిన పేపర్లలో సుమారు ఐదో వంతుకు ఈ తెగులు పట్టి ఉంది. రచయితలు చూడలేదు, సమీక్షకులు చూడలేదు, సంపాదకులు చూడలేదు. ఉటంకించినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చివరికి 2020లో నామకరణ సంఘం వాళ్లు జన్యువుల పేర్లే మార్చుకున్నారు. అదే 2016లో ఎలిజబెత్ బిక్ అనే పరిశోధకురాలి బృందం 20,621 జీవశాస్త్ర పేపర్లలోని బొమ్మలను కళ్లతో పరీక్షించింది. ప్రొటీన్లను చూపించే వెస్టర్న్ బ్లాట్ల లాంటి చిత్రాల్లో ఒకే పట్టీని రెండుచోట్ల అతికించడం, తిప్పి వాడడం లాంటి తేడాలు 3.8 శాతం పేపర్లలో దొరికాయి. ఆమె చేసిందల్లా చూడడం. అది అంత అరుదైన పని కాబట్టే ప్రపంచమంతా ఆమె పేరు మోగిపోయింది.

ఈ కథలన్నీ ఎక్కడో పరదేశాలవి అనుకోవడానికి లేదు. మన తిరుపతి పేరు ఈ చరిత్రలో పెద్దక్షరాలతోనే ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి పేరుతో 2004, 2007 మధ్య డెబ్భైకి పైగా పేపర్లు ఇరవై అయిదు దాకా విదేశీ పత్రికల్లో వచ్చాయి. కాపీ కొట్టినవి, కల్పించినవి అని తేలాయి. 2008 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ వారపత్రిక ఆ కథను బయటపెట్టింది. నాలుగేళ్లలో డెబ్భై అంటే మూడు వారాలకొకటి. మూడు వారాల్లో ఆవకాయ కూడా సరిగ్గా ఊరదు, ప్రయోగం ఎలా ఊరింది? ఆ ప్రశ్న నాలుగేళ్లపాటు ఎవరికీ రాలేదు. పత్రికలు చిన్నవి కావు, సమీక్షకులు పామరులు కారు. ఆఖరికి టెక్సస్‌లో పనిచేసే పూర్ణేందు దాస్‌గుప్తా అనే ఆచార్యుడి దగ్గరికి ఒక పేపరు సమీక్షకు వెళ్లింది. ఆయన చేసిన తప్పు ఒక్కటే, దాన్ని చదివాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

తిరుపతి అప్పటికి చిన్న తరహా పరిశ్రమ. భారీ పరిశ్రమ హైదరాబాదులో వెలిసింది. 2007లో మొదలైన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ వందల కొద్దీ పత్రికలు, వేల కొద్దీ సదస్సులు నడిపింది. సమీక్ష జరగకుండానే జరిగిందని చెప్పారని, అడగకుండానే పెద్దల పేర్లు సంపాదకవర్గంలో వేసుకున్నారని, రుసుము సంగతి పేపరు ఒప్పుకున్నాక గానీ చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు పెట్టింది. 2019 మార్చిలో నెవాడా కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. ఈ సంస్థ అనుబంధ విభాగం నిర్వహించే అణుభౌతిక సదస్సుకు 2016లో న్యూజిలాండ్ నుంచి క్రిస్టఫ్ బార్ట్‌నెక్ అనే పరిశోధకుడు ఒక పేపరు పంపాడు. ఆయనకు అణుభౌతికం రాదు. ‘అణు’ అని కొట్టి, తర్వాత ఐఫోన్ ఏ మాట సూచిస్తే ఆ మాట నొక్కుకుంటూ పోయాడు. మూడు గంటల్లో అంగీకారపత్రం వచ్చింది. తహసీల్దారు ఆఫీసులో పట్టాదారు పాసుపుస్తకం మీద సంతకం పడడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఇలాంటి సంస్థల ఉత్తరాలు అందుకోని అధ్యాపకుడు మన రాష్ట్రంలో ఉండడు. ‘గ్రీటింగ్స్ ఆఫ్ ది డే’ అని మొదలవుతుంది. మీ అమోఘమైన కృషి చూసి పరవశించామంటుంది. వృక్షశాస్త్రం చెప్పే మేడంను దంతవైద్య పత్రిక సంపాదకవర్గంలోకి ఆహ్వానిస్తుంది. పదిరోజుల్లో పేపరు పంపమని, పండగ సందర్భంగా రాయితీ ఉందని ముగుస్తుంది. చందన బ్రదర్స్ ఆషాఢం ఆఫర్ కూడా ఇంత ఆప్యాయంగా ఉండదు.

తప్పంతా అధ్యాపకులదే అంటే అది అన్యాయం. ఈ గుర్రప్పందెం పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. యూజీసీ 2010లో ఏపీఐ అనే మార్కుల పద్ధతి తెచ్చింది. పేపరుకు ఇన్ని మార్కులు, సదస్సుకు ఇన్ని మార్కులు. బి.ఎస్సీ పిల్లలకు వారానికి పదహారు గంటలు పాఠం చెప్పే లెక్చరర్ గారికి, ల్యాబులో ఫ్రిజ్ పనిచేయకపోయినా, పదోన్నతికి పేపర్లు తప్పనిసరి అయ్యాయి. గిరాకీ పుట్టాక అంగడి పుట్టదా? అంగడి బాగా పెరిగాక యూజీసీ ఆమోదిత పత్రికల జాబితా వేసింది. 2018 మేలో తన జాబితాలోంచి తానే 4,305 పత్రికలను తీసేసింది. 2019లో కేర్ అని ఇంకో జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. జాబితాలు మారాయి గానీ, పేపర్లను లెక్కపెట్టాలా చదవాలా అన్న దగ్గర మాత్రం ఎవరి చూపూ ఆగలేదు.

ఇక్కడ ఒక గట్టి ఎదురువాదం ఉంది, దాన్ని దాటవేయను. ‘అంకెలు పోతే మిగిలేది సిఫారసే కదా స్వామీ. ఎమ్మెల్యే ఉత్తరం, కులం, వీసీ గారి ఊరు ఇవన్నీ చూసి ఉద్యోగం ఇచ్చే రోజులు మంచివా? సూళ్లూరుపేట నుంచి, తడ నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు అండగా నిలిచేది ఆ సైటేషన్ల అంకె ఒక్కటే’ అంటారు. మాట నిజమే. నిజం కాబట్టే నాకు కోపం. ఆ పిల్ల రెండేళ్లు ల్యాబులో నిద్రమాని ఒక మంచి పేపరు వేస్తుంది. దానికి తొమ్మిది సైటేషన్లు వస్తాయి. అదే రెండేళ్లలో చదివింపుల బ్యాచి ఇరవై పేపర్లు, నాలుగువందల సైటేషన్లు పోగేస్తుంది. అంకె దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల మళ్లీ వెనకబడింది. సిఫారసును తప్పించడానికి తెచ్చిన అంకెలోకి సిఫారసే దొడ్డిదారిన దూరింది. ఇంతకుముందు సిఫారసు చేయడానికి ఎమ్మెల్యే కావాలి, ఇప్పుడు సహరచయిత చాలు.

పైగా అంకె నిజాయితీగా వచ్చినా అది కొలిచేది మనం అనుకున్నదాన్ని కాదు. 2014లో నేచర్ పత్రిక ప్రపంచంలో అత్యధిక సైటేషన్లు వచ్చిన వంద పేపర్ల పట్టిక వేసింది. అగ్రస్థానం 1951 నాటి లౌరీ పేపరుది, మూడు లక్షలకు పైగా సైటేషన్లు. అందులో ఉన్నది ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. రెండోది, మూడోది కూడా ప్రొటీన్లను వేరుచేయడానికీ కొలవడానికీ పనికొచ్చే పద్ధతులే. డీఎన్ఏ మెలికల నిచ్చెనను కనుక్కున్న వాట్సన్, క్రిక్ పేపరు ఆ వందలో లేదు. ఫ్లెక్సీలో డీఎన్ఏ బొమ్మ ఉంటుంది గానీ, దాన్ని కనిపెట్టినవాళ్లకు ఫ్లెక్సీ అర్హత లేదన్నమాట.

మన తీరంలో మాలిక్యులర్ బయాలజీ అంటే ఏమిటో రొయ్యల రైతుకు తెలుసు. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ నెల్లూరు తీరంలో గుంటలకు గుంటలు ఊడ్చేసింది. ఆ దెబ్బ తిన్నాక రైతులు సీడ్ కొనేముందు పీసీఆర్ రిపోర్టు అడగడం నేర్చుకున్నారు. కరోనా వచ్చి దేశమంతా పీసీఆర్ అనే మాట నేర్చుకోవడానికి ఎన్నో ఏళ్ల ముందే, లుంగీ ఎగ్గట్టుకుని గట్టు మీద నిలబడ్డ రైతు నోట ఆ మాట ఉంది. రొయ్యపిల్లలో వైరస్ డీఎన్ఏ ఉందా లేదా? ఉంటే ఆ ట్యాంకు సీడ్ వద్దు. ఆ ఒక్క కాగితం ఒక కుటుంబాన్ని అప్పుల నుంచి కాపాడగలదు. ఆ రైతు ఏ పేపరునూ ఉటంకించడు. ఆయన దగ్గర హెచ్-ఇండెక్స్ సున్నా.

ఆ పీసీఆర్‌ను 1983లో ఊహించిన కేరీ మలిస్ ప్రచురణల చిట్టా మన పదోన్నతుల కమిటీ ముందు పెడితే ఫైలు వెనక్కి వస్తుంది. పీసీఆర్ మీద ఆయన రాసిన పేపరును నేచర్, సైన్స్ పత్రికలు రెండూ తిప్పికొట్టాయి. 1987లో మరోచోట వచ్చింది. 1993లో నోబెల్ వచ్చింది. కోవిడ్ టీకాకు దారివేసిన కాటలిన్ కారికోను 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఒక మెట్టు దించింది, 2023లో నోబెల్ కమిటీ పైకెక్కించింది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూడండి. ఫిస్కే అనే సహపరిశోధకుడితో కలిసి 1925లో రాసిన భాస్వరం కొలిచే పద్ధతిని దశాబ్దాలపాటు ప్రపంచమంతటా జీవరసాయన ల్యాబులు వాడాయి. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929 నాటికి ఏటీపీ కనుక్కోవడంలో భాగమయ్యాడు. అప్పుడు తను పనిచేస్తున్న హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్, బోదకాలు మందు హెట్రజాన్ (డీఈసీ) వచ్చాయి. క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కు దారి పడింది. 1948లో యాభై మూడేళ్లకే పోయాడు. ఇవాళ ఏటీపీ గురించి రాసేవాళ్లు దాదాపు ఎవరూ ఆ 1929 పేపరును ఉటంకించరు. పాఠ్యపుస్తకంలో కలిసిపోయిన సంగతికి సైటేషన్ ఎవరిస్తారు? బోదకాలు రాకుండా ప్రభుత్వం ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర మింగినవాళ్లు కూడా ఇవ్వలేదు. మింగి, నీళ్లు తాగి, పొలానికి పోయారు.

లెక్కపెట్టడమే తప్పని నా వాదన కాదు. పులికాట్‌లో ఏటా జనవరిలో నీటిపక్షులను లెక్కపెడతారు. మన దేశంలో ఈ గణన 1987 నుంచి జరుగుతోంది. బైనాక్యులర్లు పట్టుకుని, పొద్దున్నే బురదలో దిగి, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు ఎన్నున్నాయో రాసుకుంటారు. లెక్క తగ్గిందనుకోండి, ఏ పక్షికీ ఇంక్రిమెంటు ఆపరు. నీళ్లేమయ్యాయని చూస్తారు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం పూడిందా, వానలు పడలేదా, చేప తగ్గిందా అని వెతుకుతారు. అక్కడ అంకె వచ్చాక పని మొదలవుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో అంకె వచ్చాక సన్మానం మొదలవుతుంది. కొంగలకు తమ లెక్క తెలియదు కాబట్టి ఆ లెక్క ఇంకా నమ్మదగ్గదిగా ఉంది. ఎక్కువమందిగా కనపడితే ఎక్కువ చేపలు వేస్తారని తెలిసిన మరునాడు, ఒక్కో కొంగ రెండుసార్లు ఎగిరివచ్చి లెక్కకు నిలబడుతుంది.

అందుచేత కమిటీలకు నా సూచన చాలా చవకైనది. అభ్యర్థి ఫైలులోని నూటపాతిక పేపర్ల జాబితా పక్కన పెట్టండి. ‘మీరు గర్వపడే మూడు పేపర్లు ఇవ్వండి’ అనండి. ఆ మూడూ ముందురోజు రాత్రి చదువుకుని రండి. పొద్దున ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న వేయండి: ఇది మీరు కనుక్కోకముందు మాకు తెలియనిదేమిటి, కనుక్కున్నాక తెలిసిందేమిటి? దీనికి స్కోపస్ చందా అక్కర్లేదు. కమిటీ సభ్యులు చదవాల్సి వస్తుందన్నదొక్కటే ఇబ్బంది. టీఏ, డీఏ ఇస్తున్నారు కదా, ఓర్చుకోవాలి.

ఫ్లెక్సీ కట్టేవాళ్లకు ఇంకా చిన్న సూచన. అంకెల కింద రెండు తెలుగు వాక్యాలు వేయండి. ఆచార్యుల వారు ఏం కనుక్కున్నారో గేటు దగ్గర సైకిలు ఆపిన మనిషికి అర్థమయ్యేలా రాయండి. రాయగలిగితే ఆయనకు శాలువా కప్పడానికి నేనే ముందు వరసలో ఉంటాను. రాయలేకపోతే ఫ్లెక్సీ పారేయకండి, పన్నెండడుగుల గట్టి గుడ్డ అది. తడ పక్క ఏదో ఒక రొయ్యల గుంట దగ్గర కాపలావాడి పాకకు కప్పించండి. వానాకాలంలో ఒక మనిషి తడవకుండా పడుకుంటాడు. ఆ ఆచార్యుల వారి పరిశోధనా జీవితంలో అంతకు మించిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మళ్లీ రాదు.